చిదంబరం పిళ్ళెగారి ఓడలు : పోటీయు గుత్తాధిపత్యమును

వర్తకమున పోటీ యున్నచో ప్రజలకు మేలు కలుగుననుట అందఱు నెఱిగిన మాటయే. ఇద్దఱు అమ్మువారున్న అంగడిలో కొనువానికి గౌరవము కలదు. ఒక్కడే యున్న అంగడిలో కొనువాడు యాచకుడగును. అయినను పోటీ యని పేరు పెట్టినంత మాత్రమున అది న్యాయమైన పోటీ కానేరదు. గోదాలో దిగిన మల్లు లిద్దఱిలో ఒకనికి బలము హెచ్చుగ నుండవచ్చును. అందు తప్పు లేదు. కాని తీర్పు చెప్పవలసిన మధ్యవర్తియే ఒకని పక్షమున జేరి రెండవవాని చేతులు కట్టివేసినచో దానిని కుస్తీ యనరు. ధర తగ్గుటయు నిట్టిదే. పనితనముచేతను, పొదుపుచేతను తగ్గిన ధర ప్రజలకు వరము. ఎదుటివానిని చంపి, పిమ్మట ఒంటరిగ అంగడి నేలుటకై తగ్గించిన ధర ఎర మాత్రమే. ఈ రెంటికిని గల భేదమును కనుగొనుటకు అర్థశాస్త్ర గ్రంథములను తిరుగవేయ నక్కఱలేదు. దక్షిణ సముద్రతీరమున తూత్తుకుడి రేవులో 1906 మొదలు 1911 వఱకు జరిగిన ఓడల పోటీని, ఆ పోటీలో సర్వస్వమును ధారపోసిన వి. ఓ. చిదంబరం పిళ్ళెగారి జీవితమును పరిశీలించిన చాలును.

పిళ్ళెగారి కథ తెలియుటకు ముందు వారి ప్రత్యర్థి యెవరో తెలియవలెను. విలియం మెకిన్నన్ అను స్కాట్లండు వర్తకుడు 1856లో కలకత్తా రంగూనుల నడుమ ఓడలు నడుపుటకు ఒక కంపెనీని స్థాపించెను. 1862లో దానికి బ్రిటిష్ ఇండియా స్టీం నావిగేషన్ కంపెనీ యని పేరు మార్చిరి. ప్రభుత్వము తపాలు మూటలను చేరవేయుటకు ఆ కంపెనీతో ఒడంబడిక చేసికొని ఏటేట సొమ్ము చెల్లించుచుండెను. అనగా దాని వెనుక ఖజానా యుండెను. క్రమక్రమముగ భారతదేశపు తీరమెల్ల దాని ఓడలతో నిండెను. ఈ కంపెనీ తెలుగువారికి క్రొత్త గాదు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులలో ఓడ యెక్కి రంగూనుకు కూలికిని, వ్యాపారమునకును పోయిన మనవారు వేలకొలది ఈ కంపెనీ ఓడలలోనే డెక్కుపై పడి పోయిరి. వేఱొక ఓడ లేనందున అడిగినంత ఇచ్చుటయే గాని బేరమాడుట యెఱుగరు.

ఓడల వ్యాపారములో గుత్తాధిపత్యము నిలుపుకొను ఉపాయములు రెండు. మొదటిది కంపెనీలు ఏకమై ఒక కూటమిగ నేర్పడి కేవు రేట్లను నిర్ణయించుకొనుట. 1875లో కలకత్తా వ్యాపారమున నేర్పడిన కూటమి ఇట్టివాటిలో మొదటిది. రెండవది ముదరా పద్ధతి. సరకు పంపు వర్తకుడు కూటమి ఓడలలోనే యెల్ల సరకును పంపినచో, చెల్లించిన కేవులో కొంత భాగము కొన్ని నెలల తరువాత వానికి తిరిగి ముట్టును. ఈ మధ్యలో ఒక్క మూటనైనను ఇతరుల ఓడలో పంపెనా, కూడబెట్టిన ముదరా అంతయు పోవును. పైకి ఇది తగ్గింపువలె కనబడును. నిజమునకు అది వర్తకుని మెడకు కట్టిన త్రాడు. తన సొమ్మే తాకట్టుగ ప్రత్యర్థి చేతిలో నుండగా క్రొత్త ఓడవానికి సరకు నిచ్చు ధైర్యము ఎవనికుండును?

ఈ కోటను భేదింప యత్నించినవారు పిళ్ళెగారికి ముందును కలరు. వంగదేశమున రవీంద్రనాథ ఠాకూరుగారి అన్న జ్యోతిరింద్రనాథులు 1884లో ఖుల్నా బారిసాలుల నడుమ నదిపై స్టీమర్లను నడిపి, తెల్లవారి కంపెనీ కేవు తగ్గించుటచే తామును తగ్గించి, తగ్గించి, తుదకు నష్టమున మునిగిరి. జంషెట్జీ టాటాగారంతటి ధనవంతులు 1890 దశాబ్దమున జపానునకు సరకు చేరవేయుటకు ఓడలను పెట్టి, పీ అండ్ ఓ కంపెనీ రేట్లను నేలకు దింపుటచే విరమించుకొనవలసి వచ్చెను. ఠాకూరు వంశమునకును, టాటాగారికిని అలవి గాని పనికి తిన్నెవెల్లి జిల్లాలోని ఒక ప్లీడరు పూనుకొనెను.

జననము – వృత్తి

చిదంబరం పిళ్ళెగారు 1872 సెప్టెంబరు 5వ తేదీని తిన్నెవెల్లి జిల్లా ఒట్టపిడారమున జన్మించిరి. తండ్రి ఉలగనాథ పిళ్ళెగారు న్యాయవాది. తల్లి పరమాయి అమ్మాళ్. కుమారుడును తండ్రి వృత్తినే అవలంబించి, 1894లో ప్లీడరు పరీక్షలో కృతార్థుడై, స్వగ్రామమున వృత్తి నారంభించి, 1900లో తూత్తుకుడికి కాపురము మార్చెను. బీదల పక్షమున వాదించుటయు, అధికారులకు జంకకుండుటయు ఆయనకు చిన్ననాటి నుండియు స్వభావములు. తమిళ సాహిత్యమునందును, శైవ సిద్ధాంతమునందును మక్కువ మెండు. ఇంతవఱకు ఆయన జీవితము జిల్లా కోర్టులలోని యే వకీలు జీవితమునకును భిన్నము గాదు.

తూత్తుకుడి మాత్రము సామాన్యమైన ఊరు గాదు. లోతట్టు నల్లరేగడిలో పండిన ప్రత్తి యంతయు ఆ రేవునకే చేరును. సింహళమున తేయాకు తోటలకు పోవు కూలీలును, కొలంబోలో అంగళ్ళు పెట్టుకొన్న వర్తకులును ఆ రేవుననే ఓడ యెక్కుదురు. రేవునకును కొలంబోకును నడుమ నడచు ఓడలు బ్రిటిష్ ఇండియా కంపెనీవే. ఊరి వర్తకులు ఒక ప్రక్క, వారి సరకు ఒక ప్రక్క, నడుమ సముద్రము, ఆ సముద్రమునకు తాళపుచెవి పరాయివాని మొలలో నుండెను. 1905లో వంగవిభజనముతో స్వదేశీ ఉద్యమము దేశమెల్ల ప్రాకినప్పుడు, ఇతరులు బట్టలను గూర్చియు, గాజులను గూర్చియు ఆలోచించుచుండగా, పిళ్ళెగారి దృష్టి ఈ తాళపుచెవిపై పడెను.

స్వదేశీ నౌకా సంఘము

మొదట ఆయన బొంబాయిలోని ఒక భారతీయ కంపెనీ ఓడలను బాడుగకు తెచ్చి నడుప జూచెను. ఆ బాడుగ ఒప్పందము నిలువలేదు. ప్రత్యర్థుల ఒత్తిడి వలన ఓడల యజమాని వెనుకకు తగ్గెను. బాడుగ ఓడపై ఆధారపడినంతకాలము తాళపుచెవి మనది కానేరదని అప్పుడు బోధపడెను. 1906 అక్టోబరు 16వ తేదీని స్వదేశీ స్టీం నావిగేషన్ కంపెనీ రిజిస్టరు చేయబడెను. మూలధనము పది లక్షల రూపాయలు. ఒక్కొక్క వాటా ఇరువదియైదు రూపాయల చొప్పున 40,000 వాటాలు. పాలవనత్తము జమీందారును, మధుర తమిళ సంఘ స్థాపకులును నగు పాండిత్తురై తేవరుగారు అధ్యక్షులైరి. హాజీ మహమ్మదు బకీర్ సేట్‌గారు ఒక్కరే 8,000 వాటాలను, అనగా రెండు లక్షల రూపాయల విలువ గలవాటిని తీసికొనిరి. హిందూ జమీందారును, మహమ్మదీయ వర్తకుడును, ఇరువదియైదు రూపాయలు కూడబెట్టిన చిల్లర కొట్టువాడును ఒక్క పట్టీలో పేర్లు వ్రాసికొనిరి. వాటా ధరను అంత తక్కువగ నుంచుటలోనే పిళ్ళెగారి బుద్ధి తెలియును. ఓడ నెక్కు జనులే ఓడకు సొంతదారులు కావలెనని ఆయన సంకల్పము.

వాటాల సొమ్ముతో ఓడలను కొనుటకు పిళ్ళెగారు స్వయముగ బొంబాయికి పోయిరి. ఓడ లేకుండ తిరిగి రాననియు, వచ్చినచో సముద్రమునే శరణు జొత్తుననియు ప్రతిన బూనిరని చెప్పుదురు. తిలక్ మహాశయుని సాయము వారికి లభించెను. 1907లో గాలియా, లావో అను రెండు పొగయోడలు తూత్తుకుడి రేవున లంగరు వేసినవి. ఒక్కొక్కటి 1,300 మంది సామాన్య ప్రయాణికులను, 4,000 బస్తాల సరకును మోయగలది. సుబ్రహ్మణ్య భారతిగారు తమ ఇండియా పత్రికలో ఈ యుద్యమమును వేనోళ్ళ కొనియాడిరి. ఆ యేడు ఏప్రిలు మాసముననే బిపిన్ చంద్రపాలుగారు విశాఖపట్టణము మొదలు కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరుల మీదుగ సంచారము చేసి ఆంధ్రదేశమును మేలుకొల్పిరి. ఉత్తరమున ఉపన్యాసముగ వినబడిన స్వదేశీ, దక్షిణమున ఓడగా కనబడెను.

గొడుగుతో కూడిన ఉచిత ప్రయాణము

అంతట పోటీ మొదలయ్యెను. బ్రిటిష్ ఇండియా కంపెనీ కొలంబో ప్రయాణపు కేవును ఒక్క రూపాయకు దింపెను. స్వదేశీ కంపెనీ ఎనిమిది అణాలకు దింపెను. అంతట తెల్లవారి కంపెనీ అసలు కేవే లేదని చాటి, ఎక్కినవారికి ఒక గొడుగును బహుమతిగ నొసంగెను. పిళ్ళెగారిని సొమ్ముతో కొనివేయుటకును యత్నము జరిగినదని చెప్పుదురు, వారు లొంగలేదు.

ఈ గొడుగును గూర్చి మన పాఠకులు ఒకింత ఆలోచింపవలెను. బొగ్గునకు ధర కలదు. నావికులకు జీతము కలదు. రేవు సుంకము కలదు. ఇన్ని ఖర్చులు పెట్టుకొని మనుష్యుని ఊరక చేరవేసి, పైగా గొడుగు నిచ్చు వర్తకుడు దానధర్మములు చేయుచున్నాడా? బ్రిటిష్ ఇండియా కంపెనీకి తూత్తుకుడి కొలంబో దారి పెక్కు దారులలో నొకటి. అచ్చట కలిగిన నష్టమును రంగూను దారిలోను, కలకత్తా దారిలోను పూడ్చుకొనగలదు. తపాలు సొమ్ము ఎటులను వచ్చును. అనగా కొలంబో ప్రయాణికునికి దొరకిన ఉచిత గొడుగునకు వెల చెల్లించినవారిలో కాకినాడలో ఓడ యెక్కిన తెలుగు కూలియు నొకడు. స్వదేశీ కంపెనీకో, ఉన్నవి రెండు ఓడలు. ఉన్నది ఒక్క దారి. ఆ దారిలో పోయిన ప్రతి అణాయు మూలధనములోనిదే. ఇట్టి పోటీలో ఎవని పనితనము మేలైనదను ప్రశ్నయే పుట్టదు. ఎవడు ఎంతకాలము నష్టపడగలడను ప్రశ్నయే మిగులును. తాహతు హెచ్చుగ గలవాడు గెలుచును. గెలిచిన మఱునాడు గొడుగు లుండవు. కేవు రేట్లు మాత్రము మరల పైకెక్కును.

ఇంకొక సంగతియు నిష్పక్షపాతముగ చెప్పవలెను. గొడుగునకు ఆశపడినవారు మన జనులే. దేశాభిమానముతో స్వదేశీ ఓడ నెక్కినవారు కలరు. వాటాదారులై యుండియు ఉచితముగ వచ్చుచున్నదని ప్రత్యర్థి ఓడ నెక్కినవారు ఉండకపోరు. వారిని నిందించుట సులభము. కాని కూలికి పోవు నిరుపేదను చూచి, నీవు అర్ధరూపాయ నష్టపడి దేశమును రక్షింపుమని చెప్పుట ధర్మమా? ప్రజల త్యాగము ఒక ఋతువు నిలుచును, రెండు ఋతువులు నిలుచును. పోటీకి నియమములు ఏర్పఱచి కాపాడుట ప్రతి ప్రయాణికుని మీద మోపదగిన భారము గాదు. అది ప్రభుత్వము చేయవలసిన పని.

ప్రభుత్వమో, అప్పటి ప్రభుత్వము, గోదాలో మధ్యవర్తిగ నుండుటకు మారుగ రెండవ మల్లుని పక్షమున నిలిచెను. జిల్లా అధికారుల సానుభూతి తెల్లవారి కంపెనీ యందే యుండెననుట అందఱికి విదితమైన విషయము. ఓడ నడుపుటకు రేవు అధికారి అనుమతి కావలెను. సుంకపు తనిఖీ కావలెను. ప్రయాణికులకు ఆరోగ్య పరీక్ష కావలెను. వీనిలో ఏ యొక్కటి ఆలస్యమైనను ఓడ వేళ తప్పును. వేళ తప్పిన ఓడను వర్తకుడు నమ్మడు. నియమములు మంచివే కావచ్చును. వానిని నడుపు చేయి ఒక ప్రక్కకు వాలినచో ఆ నియమములే ఆయుధములగును.

కారాగృహము

పిళ్ళెగారు ఓడలతో తృప్తి చెందలేదు. తూత్తుకుడిలో హార్వే కంపెనీవారి కోరల్ మిల్లు కూలీలు తక్కువ జీతములతో, సెలవు లేక చాకిరి చేయుచుండిరి. 1908 ఫిబ్రవరి 27వ తేదీని వారు పని మానిరి. పిళ్ళెగారును, వారి మిత్రులగు సుబ్రహ్మణ్య శివగారును వారికి అండగ నిలిచి, ఊరివారిచే అన్నవస్త్రములు సమకూర్పించిరి. మార్చి మొదటి వారమున మిల్లు యజమానులు జీతములు పెంచుటకును, వారపు సెలవు నిచ్చుటకును ఒప్పుకొనిరి. ఓడలలో తెల్లవారి కంపెనీని, మిల్లులో తెల్లవారి కంపెనీని ఎదిరించిన మనుష్యుని అధికారులు ఇక సహింపరైరి. మార్చి 9వ తేదీని పాలుగారు కారాగృహమునుండి విడుదలయైన సందర్భమున ఉత్సవము జరుపుటయే సాకుగ, 12వ తేదీని పిళ్ళెగారిని, శివగారిని నిర్బంధించిరి. మఱునాడు తిన్నెవెల్లిలో జనము తిరుగబడెను. పోలీసువారి కాల్పులలో నలుగురు మరణించిరి.

ఆ తుపాకుల చప్పుడు ఆంధ్రదేశమునకును వినబడెను. బెజవాడలో స్వరాజ్య పత్రికను నడుపుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తిన్నెవెల్లి ఘటనలను గర్హించుచు వ్రాసి, రాజద్రోహ నేరమునకు గుఱియై మూడేండ్ల శిక్ష ననుభవించిరి. తూత్తుకుడి ఓడల కొఱకు ఒక తెలుగు పత్రికాధిపతి చెఱసాల కేగుట మనవారు మఱవరాని విషయము.

1908 జూలై 7వ తేదీని పిన్హే జడ్జి తీర్పు చెప్పెను. రాజద్రోహమునకు ఇరువదియేండ్లు, శివగారికి తోడ్పడినందుల కిరువదియేండ్లు ద్వీపాంతరవాసము విధించెను. శివగారికి పదియేండ్లు. ఒక ప్లీడరు ఉపన్యాసములకు నలువదియేండ్ల శిక్ష! పై న్యాయస్థానములలో ఈ శిక్ష మిక్కిలి తగ్గింపబడి, ద్వీపాంతరవాసము కఠిన కారాగారవాసముగ మారెను. కోయంబత్తూరు, కన్ననూరు జెయిళ్ళలో పిళ్ళెగారిచేత ఎద్దునకు మారుగ నూనెగానుగను త్రిప్పించిరి. న్యాయస్థానములలో తలయెత్తి వాదించిన వకీలు ఎండలో గానుగ చుట్టు తిరిగెను.

1911 – మూడు సంఘటనములు

నాయకుడు జెయిలులో నుండగా కంపెనీ నిలువలేకపోయెను. పాలక వర్గములో కొందఱు పిళ్ళెగారి రాజకీయములకు ముందునుండియు జంకుచుండినవారే. అధికారుల ఆగ్రహము, కేవుల నష్టము, వాటాదారుల అధైర్యము ఒక్కసారిగ మీదపడినవి. 1911లో స్వదేశీ స్టీం నావిగేషన్ కంపెనీ మూతపడెను. ఓడలను అమ్మివేసిరి, గాలియా ఓడ ఆ ప్రత్యర్థి కంపెనీకే చేరినదని చెప్పుదురు. తమ ఓడ శత్రువు జెండాతో పోవుచున్నదన్న వార్త చెఱసాలలో పిళ్ళెగారికి గానుగకంటె బరువైనదై యుండును.

అదే సంవత్సరము జూన్ 17వ తేదీని మణియాచ్చి రైలుస్టేషనులో జిల్లా కలెక్టరు ఆష్ దొరను వాంచినాథన్ అను యువకుడు కాల్చి చంపి, తానును ప్రాణము తీసికొనెను. తూత్తుకుడిలో ఉద్యోగము చేయు దినములలో ఆ దొర స్వదేశీ కంపెనీకి ప్రతికూలముగ నడచెనని జనులు తలచుచుండిరి. హత్య ఏ దేశమునకును శ్రేయస్సు గాదు. అయినను మధ్యవర్తి పక్షపాతియని ప్రజలకు తోచినచోట చట్టముపై నమ్మకము చచ్చి, ఆ స్థానమున ఏమి మొలకెత్తునో పాలకులు గ్రహింపవలసిన పాఠము ఇందు కలదు.

ఆ యేడే మే మాసమున భూమికి ఆవలిప్రక్కను వేఱొక సంఘటనము జరిగెను. అమెరికాలో రాక్‌ఫెల్లరు స్థాపించిన స్టాండర్డు ఆయిలు కంపెనీ రైల్వేలతో రహస్యపు ముదరాలు కుదుర్చుకొని, చోటు చోటున ధర దింపి చిన్నవారిని చిత్తుచేసి, కిరసనాయిలు వ్యాపారము నంతయు మ్రింగియుండెను. 1890 నాటి షెర్మన్ చట్టమును అనుసరించి ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని 34 కంపెనీలుగ విడగొట్టుమని తీర్పు చెప్పెను. ఒకే సంవత్సరమున అచ్చట చట్టము గుత్తాధిపతిని విడగొట్టెను. ఇచ్చట గుత్తాధిపతి పోటీదారుని మ్రింగుచుండగా చట్టము చూచి యూరకుండెను. లండనులోనే ఓడల కూటములను విచారించుటకు 1906లో రాజ సంఘమొకటి నియమింపబడి 1909లో నివేదిక సమర్పించినను, దానివలన తూత్తుకుడికి ఒరిగినదేమియు లేదు. అమెరికావారు 1916లో ఓడలకును ప్రత్యేక చట్టము చేసి, ముదరా పద్ధతిని, పోటీదారుని తఱుముటకై ఓడను నష్టమునకు నడుపుటను నిషేధించిరి. అట్టి చట్టము 1907లో మన తీరమున నుండినచో గొడుగుల పంపకమే నేరమై యుండెడిది.

విడుదల – తుదిదినములు

1912 డిసెంబరులో పిళ్ళెగారు విడుదలయైరి. నాలుగేండ్లకు ముందు ఊరేగింపులతో పిలిచిన జనులు ఈసారి లేరు. కంపెనీ లేదు, ఆస్తి హరించెను, ప్లీడరు సన్నదు రద్దయియుండెను. మద్రాసులో భార్యాబిడ్డలతో నివసించుచు చిల్లర వ్యాపారముతో దినములు గడపిరి. దక్షిణాఫ్రికాలోని భారతీయులు వారి కొఱకు కొంత సొమ్ము ప్రోగుచేసి గాంధీగారి కిచ్చియుండిరి. ఆ సొమ్మును గూర్చి వారిద్దఱి నడుమ 1915లో ఉత్తర ప్రత్యుత్తరములు జరిగి, తుదకు 1916లో రూ. 347-12-0 పిళ్ళెగారికి ముట్టెను. పది లక్షల కంపెనీని నిలిపిన వ్యక్తి మూడువందల చిల్లరకై నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చెను. ఇది ఎవరి తప్పును కాదు. ఓడిపోయినవానికి లోకమున లభించు స్థితి ఇట్టిది.

అయినను ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మద్రాసున కార్మిక సంఘములకు సాయపడెను. సహాయ నిరాకరణ విషయమున కాంగ్రెసుతో భేదించి దూరముగ నిలిచెను. వాలెస్ దొర అను న్యాయాధిపతి ఆయనకు ప్లీడరు సన్నదును మరల నిప్పించెను. ఆ కృతజ్ఞతతో పిళ్ళెగారు తమ కుమారునికి వాలేశ్వరన్ అని పేరిడిరి. తెల్లవారి పాలనతో పోరాడి చెఱలో మ్రగ్గినవాడు న్యాయము చేసిన తెల్లవాని పేరును ఇంట నిలుపుకొనుట ఆయన హృదయమునకు నిదర్శనము. పక్షపాతము లేని చేయి ఎవరిదైనను ఆయనకు పూజ్యమే. తుది కాలమున తూత్తుకుడికి చేరి, తిరుక్కురళ్‌కు వ్యాఖ్యానము వ్రాయుచు, తొల్కాప్పియమునకు ప్రాచీన వ్యాఖ్యను పరిష్కరించుచు గడపిరి. 1936 నవంబరు 18వ తేదీని, తమ కోరిక ప్రకారము, ఆ ఊరి కాంగ్రెసు కార్యాలయమున కన్నుమూసిరి.

ఓడలు నేర్పిన పాఠము

పిళ్ళెగారి కంపెనీ ఓడిపోయెను. వారి సంకల్పము ఓడిపోలేదు. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ ప్రభృతులు సింధియా కంపెనీని స్థాపించిరి. దానిపైనను అదే ఆయుధము ప్రయోగింపబడెను. కేవులు నేలకు దిగినవి. సింధియావారికి మూలధనము హెచ్చు. కావున చావక బ్రదికి, 1923లో ప్రత్యర్థితో ఒడంబడిక చేసికొని నిలిచిరి. తీరవాణిజ్యమును భారతీయ నౌకలకు ప్రత్యేకింపవలెనని 1928లో హాజీగారు కేంద్ర శాసనసభలో బిల్లు తెచ్చిరి. పరాయి ప్రభుత్వము ప్రతిఘటించుటచే అది చట్టము కాలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదపనే ఆ కోరిక నెఱవేఱెను. ఆ సింధియావారే విశాఖపట్టణమున నౌకానిర్మాణశాలను నెలకొల్పిరి. 1941 జూన్ 21వ తేదీని రాజేంద్రప్రసాదుగారు దానికి శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14వ తేదీని జవహర్‌లాల్ నెహ్రూగారు జల ఉష అను నౌకను సముద్రములోనికి విడిచిరి. ఓడకొఱకు పిళ్ళెగారు బొంబాయి వీథులలో తిరిగిన నలువదియొక్క యేండ్లకు తెలుగు తీరముననే ఓడ పుట్టెను.

ఇచ్చట ఆగినచో ఈ కథ విజయగాథగ ముగియును. కాని పాఠము సగమే చెప్పినవారమగుదుము. పెద్దదైన పిమ్మట సింధియా కంపెనీపైనను చిన్న భారతీయ కంపెనీలు మొఱపెట్టుకొన్నవి. కూటమిలో చేరిన స్వదేశీయుడు తమను అణచుచున్నాడని ఫిర్యాదు చేసినవి. కావున గుత్తాధిపత్యమునకు చర్మపు రంగు లేదు. అది పరాయివాని చేతిలో నున్నప్పుడు అన్యాయమైనచో మనవాని చేతిలో నున్నప్పుడును అన్యాయమే. ప్రభుత్వమే వ్యాపారి యైనప్పుడు సయితము ఇదియే న్యాయము. మధ్యవర్తియే మల్లుడైన చోట ప్రజలు మఱింత మెలకువతో నుండవలెను.

ఈ సత్యమును మన చట్టములు ఆలస్యముగనైనను గుర్తించినవి. 1969లో గుత్తాధిపత్య నిరోధమునకు ఒక చట్టము వెలువడెను. పరిమాణమునే పాపముగ చూచుట దాని లోపము. పెద్ద పరిశ్రమ పెట్టువాడు అనుమతికై కచ్చేరీల చుట్టు తిరుగవలసి వచ్చెను. గానుగ చుట్టు తిరుగుటకును దానికిని పోలిక లేకపోలేదని ఆనాటి పారిశ్రామికులు వాపోయిరి. దాని స్థానమున 2002లో పోటీ చట్టము చేయబడి 2009 నుండి అమలులోనికి వచ్చెను. పెద్దగ నుండుట నేరము గాదనియు, ఆ పెద్దఱికమును దుర్వినియోగము చేయుట నేరమనియు అది నిర్ణయించెను. పోటీదారుని తొలగించు ఉద్దేశముతో తయారీ ఖర్చునకు లోబడి ధర దింపుట అట్టి దుర్వినియోగములలో నొకటిగ ఆ చట్టమున పేర్కొనబడినది. తూత్తుకుడి గొడుగునకు నూఱేండ్ల తరువాత చట్టము పెట్టిన పేరు అది.

చట్టము వ్రాయబడుట వేఱు, నడుచుట వేఱు. వర్తకుడు ధర దింపిన ప్రతిసారియు నేరమనుచో పోటీయే చచ్చి ప్రజలు నష్టపడుదురు. ఎన్నడును నేరము గాదనుచో గుత్తాధిపతి రాజ్యమేలును. ఏది పొదుపువలన కలిగిన తగ్గింపో, ఏది ఎరయో లెక్కలు చూచి నిర్ణయించువారికి విద్య కావలెను, ధైర్యము కావలెను, వేగము కావలెను. పోటీదారుడు మునిగిన ఐదేండ్లకు వచ్చిన తీర్పు శవమునకు చేసిన వైద్యము. స్వదేశీ కంపెనీ చచ్చుటకు ఐదేండ్లయినను పట్టలేదని ఈ సందర్భమున జ్ఞప్తియందుంచుకొనవలెను.

కొనువారి వంతును కొంత కలదు. భూమి గలవారును, పట్టణములలో వ్యాపారము గలవారును నగు మన పాఠకులు ప్రత్తికిని, ధాన్యమునకును బేరము కుదుర్చుకొనునప్పుడు, ఎవడైనను ఊరక ఏదైన నిచ్చినచో, వీనికి ఈ సొమ్ము ఎక్కడినుండి వచ్చుచున్నది, వీని ప్రక్క అంగడి మూతపడిన పిదప వీడు ఏమి చేయును అను రెండు ప్రశ్నలు వేసికొనుట మేలు. ఒక కొనుగోలుదారుడే మిగిలిన మార్కెట్టులో రైతునకును, ఒక ఓడయే మిగిలిన రేవులో ప్రయాణికునికిని భేదము లేదు.

2011లో తూత్తుకుడి రేవునకు చిదంబరనారు పేరు పెట్టిరి. ఒకప్పుడు ఆయన ఓడను నిలువనీయని రేవే ఆయన పేరు మోయుచున్నది. ఇది తగిన గౌరవమే. ఇంతకు మించిన గౌరవము, రెండు ఓడలు గల చిన్నవాడు రెండువందల ఓడలు గల పెద్దవాని ప్రక్కన నిర్భయముగ లంగరు వేయగలుగునట్లు దేశములోని ప్రతి అంగడిని, ప్రతి రేవును నడుపుటయే.